గని మట్టి లెక్కలకు ఎడిటర్‌లో చిన్న చేర్పులు: వీఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్ల నిర్మాణం, వినియోగం

విస్తరణ అనగానే మన విశ్వవిద్యాలయాలలో స్ఫురించేది పరిశోధన ఫలితాలను రైతు పొలానికి చేర్చే కార్యక్రమం. సాఫ్ట్‌వేర్ రంగంలో అదే ఆంగ్ల పదానికి వేరొక అర్థం ఉన్నది. ప్రోగ్రాములు వ్రాసే ఎడిటర్‌కు, దాని మూల నిర్మాణం మార్చకుండా, అదనపు సామర్థ్యాన్ని జోడించే చిన్న చేర్పును ఎక్స్‌టెన్షన్ అంటారు. నేడు స్నాతకోత్తర విద్యార్థులలో అనేకులు తమ నేల పరీక్షల దత్తాంశాన్ని పైథాన్ లేదా ఆర్ భాషలలో విశ్లేషిస్తున్నారు. వారు వాడే ఎడిటర్‌ను మన అవసరానికి తగినట్లు మలచుకొనుట ఎట్లు, అందువలన కలిగే లాభమేమి, అపాయమేమి అనే విషయాలను రామగుండం బొగ్గు ప్రాంతపు మట్టిని ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

రామగుండం, గోదావరిఖని పరిసరాలు వ్యవసాయ శాస్త్రజ్ఞునికి అంత సులభమైన క్షేత్రం కావు. రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా గల సింగరేణి సంస్థ భూగర్భ గనులు, ఓపెన్‌కాస్ట్ గనులు ఒకవైపు, 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ తాప విద్యుత్ కేంద్రం మరొకవైపు, ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా ఉత్పత్తి సామర్థ్యం గల ఎరువుల కర్మాగారం ఇంకొకవైపు. వీటి నడుమ వరి, ప్రత్తి పండించే గ్రామాలు. ఓపెన్‌కాస్ట్ గనిలో బొగ్గు పొరను చేరుటకు ముందు దానిపైనున్న మట్టిని, ఇసుకరాయిని తొలగించి గుట్టలుగా పోస్తారు. స్థానికులు ఓబీ మట్టి అనేది దీనినే. ఈ గుట్టలపై మొక్కలు పెంచవలెనన్నా, అంచుల వెంట ఉన్న చెలకలకు ఎరువుల మోతాదు సూచించవలెనన్నా, మొదట నేల పరీక్ష ఫలితాన్ని సరిగా లెక్కించవలసి ఉంటుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

ప్రయోగశాలలో ఓల్సెన్ పద్ధతిలో లభ్య భాస్వరం 6 పీపీఎం అని తేలినదనుకుందాం. దీనిని హెక్టారుకు కిలోలలోకి మార్చుటకు 2.24తో గుణించుట పరిపాటి. ఫలితం 13.4 కిలోలు. మూలక భాస్వరం హెక్టారుకు 10 కిలోల లోపు ఉంటే తక్కువ, 10 నుండి 25 వరకు మధ్యస్థం అనే వర్గీకరణ ప్రకారం ఈ నేల మధ్యస్థం. అయితే 2.24 అనే సంఖ్య ఎక్కడి నుండి వచ్చినది? హెక్టారు విస్తీర్ణంలో 15 సెంటీమీటర్ల లోతు వరకు గల నేల బరువు 22.4 లక్షల కిలోలు, అనగా స్థూల సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 1.49 గ్రాములు అనే భావనపై అది ఆధారపడి ఉన్నది. ఆ బరువంతా మెత్తని మట్టే అని కూడా ఆ లెక్క భావిస్తుంది. మనం పరీక్షించినది మాత్రం 2 మిల్లీమీటర్ల జల్లెడ దాటిన మట్టిని. ఓబీ గుట్టపై తీసిన నమూనాలో బరువు ప్రకారం 40 శాతం రాళ్లు, గులకలే అయితే, స్థూల సాంద్రత మారలేదని అనుకున్నప్పటికీ, మెత్తని మట్టి 60 శాతమే. అప్పుడు హెక్టారుకు భాస్వరం 8.1 కిలోలు. నేల మధ్యస్థం నుండి తక్కువ వర్గానికి మారినది, దానితో సిఫారసు కూడా మారవలసినదే.

ఈ సంగతి నేల శాస్త్రం చదివిన ప్రతివారికీ తెలిసినదే. పరీక్షలో అడిగితే వ్రాస్తారు. ప్రోగ్రాము వ్రాసేటప్పుడు మాత్రం ముందటి సంవత్సరం విద్యార్థి ఫైలు నుండి 2.24 ఉన్న పంక్తిని నకలు తీసి అతికిస్తారు. ఎర్రచెలక నేలకు వ్రాసిన పంక్తి గని మట్టికి కూడా చెల్లుబాటు అవుతుంది. కంప్యూటరు అభ్యంతరం చెప్పదు; వ్యాకరణం సరిగానే ఉన్నది కదా! ఇటువంటి చోటనే ఎడిటర్ ఎక్స్‌టెన్షన్ అక్కరకు వస్తుంది.

ఎడిటర్‌కు చేర్పులు జోడించే ఆలోచన కొత్తది కాదు. 1970లలో రూపొందిన ఈమాక్స్ ప్రధాన బలం అదే. 2001లో ఐబీఎం బహిరంగపరచిన ఎక్లిప్స్ దాదాపు పూర్తిగా ప్లగిన్ల కూర్పుగానే నిర్మించబడినది. మైక్రోసాఫ్ట్ సంస్థ 2015 ఏప్రిల్‌లో ప్రకటించిన వీఎస్ కోడ్‌కు అదే సంవత్సరం నవంబరులో ఎక్స్‌టెన్షన్ల సౌకర్యం వచ్చినది. ఎడిటర్ పని నిలిచిపోకుండుటకు ఎక్స్‌టెన్షన్లు వేరొక ప్రక్రియలో నడుస్తాయి; ఒక చేర్పు మొరాయించినా టైపు చేయుట ఆగదు. పైథాన్ వాడుకరులు నేడు తప్పనిసరిగా పెట్టుకొనే ఎక్స్‌టెన్షన్ సైతం మొదట ఒక వ్యక్తి స్వయంగా తయారుచేసినదే. 2017లో దానిని మైక్రోసాఫ్ట్ స్వీకరించినది. కనుక చిన్న ప్రయత్నమని సంకోచించనవసరం లేదు.

అయితే అన్ని అవసరాలకూ ఎక్స్‌టెన్షన్ అవసరం లేదు. తరచుగా వ్రాసే పంక్తులను ఒక పొట్టి పేరుతో పిలిపించుకొనే స్నిపెట్ చాలు. ప్రాజెక్టు ఫోల్డరులో స్నిపెట్ ఫైలును ఉంచితే ఆ ఫోల్డరు తెరిచిన వారందరికీ అది లభిస్తుంది. విద్యార్థి "భాస్వరం" అనే సంకేతాన్ని టైపు చేయగానే రాళ్ల శాతం, స్థూల సాంద్రత, నమూనా లోతు అనే మూడు ఖాళీలతో సూత్రం ప్రత్యక్షమవుతుంది. ఖాళీలు పూరించనిదే లెక్క ముందుకు సాగదు. నా అభిప్రాయంలో మన ప్రయోగశాలల అవసరాలలో సగం ఇంతటితోనే తీరుతాయి.

మిగిలిన సగానికి, అనగా దత్తాంశంలోని దోషాన్ని వెదకి చూపుటకు, అసలైన ఎక్స్‌టెన్షన్ కావలెను. దీనికి నోడ్ జేఎస్ ఉన్న కంప్యూటరు, జావాస్క్రిప్ట్ లేదా టైప్‌స్క్రిప్ట్‌తో కొద్దిపాటి పరిచయం చాలు. యోమన్ అనే సాధనం ఖాళీ ఎక్స్‌టెన్షన్ చట్రాన్ని తయారుచేసి ఇస్తుంది. అందులో రెండు ఫైళ్లు ముఖ్యం. మొదటిది ప్యాకేజ్ జేసన్. ఇది ఎక్స్‌టెన్షన్ పేరు, సంచిక సంఖ్య, ఏ వీఎస్ కోడ్ సంచికపై నడుస్తుంది, ఏ సందర్భంలో మేల్కొనవలెను, ఏ ఆదేశాలను జోడిస్తుంది అనే వివరాలు తెలిపే ప్రకటన పత్రం. రెండవది అసలు ప్రోగ్రాము. దానిలో యాక్టివేట్ అనే ఫంక్షన్ ఎక్స్‌టెన్షన్ మేల్కొనగానే నడుస్తుంది. ఫోల్డరులో సీఎస్‌వీ ఫైలు ఉన్నప్పుడు మాత్రమే మేల్కొనమని చెప్పుట మంచిది. లేనిచో ప్రతి పనికీ అడ్డు తగులుతూ ఎడిటర్‌ను మందగింపజేస్తుంది. ఎఫ్5 నొక్కితే పరీక్ష కొరకు మరొక ఎడిటర్ కిటికీ తెరుచుకుంటుంది. అందులో మన ఎక్స్‌టెన్షన్ అమర్చి ఉంటుంది కనుక తప్పులను నిశ్చింతగా సరిదిద్దుకొనవచ్చును.

దోషాన్ని చూపే పద్ధతికి డయాగ్నస్టిక్స్ అని పేరు. ప్రోగ్రాము ఫైలును పంక్తి వెంట పంక్తిగా చదివి, అనుమానాస్పద స్థానాన్ని గుర్తించి, దాని క్రింద వంకర గీత గీసి కారణం చెబుతుంది. ఉదజని సూచిక 14 దాటినా, విలువ లేని చోట వ్రాసిన −9999 అనే సంఖ్య సగటులోకి చొరబడినా, భాస్వరం వరుసకు యూనిట్ లేకపోయినా హెచ్చరిస్తుంది. 50 మెగాబైట్లు మించిన ఫైళ్లను వీఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్లకు అందించదు. నేల నమూనాల పట్టికలకు ఈ పరిమితి అడ్డు కాదు. ఉపగ్రహ చిత్రాల నుండి తీసిన పెద్ద పట్టికలకు మాత్రం వేరే మార్గం చూడవలెను.

తెలుగులో దత్తాంశం నమోదు చేసేవారికి మరొక విచిత్రమైన ఇబ్బంది ఉన్నది. పెద్దపల్లి జిల్లాలోని కమాన్‌పూర్ పేరును గమనించండి. "న్" తరువాత "పూ" ఒత్తుగా మారకుండా ఉండుటకు మధ్యలో కంటికి కనిపించని విడదీత అక్షరాన్ని టైపు చేస్తాము. అది అవసరమే. కొన్ని కీబోర్డులు, కొందరి అలవాటు వలన చివరి "ర్" తరువాత కూడా అదే అక్షరం చేరుతుంది. తెరపై రెండు పేర్లూ ఒక్కటే. కంప్యూటరుకు మాత్రం అవి రెండు వేర్వేరు మాటలు. నేల ఫలితాల పట్టికను మండలాల పట్టికతో జతపరచినప్పుడు కొన్ని నమూనాలు నిశ్శబ్దంగా జారిపోతాయి. యూనికోడ్ సాధారణీకరణ కూడా ఈ అక్షరాన్ని తొలగించదు. వీఎస్ కోడ్‌లో 2021 చివర చేర్చిన అదృశ్యాక్షర హెచ్చరిక ఉన్నది గాని, ఏ విడదీత తెలుగుకు అవసరం, ఏది అనవసరం అనే విచక్షణ దానికి లేదు. మన ఎక్స్‌టెన్షన్‌కు ఆ నియమం నేర్పుట సులభం: మాట చివర ఉంటే గీత గీయవలెను, మధ్యలో ఉంటే వదిలివేయవలెను. అన్నిటినీ ఒకేసారి తొలగిస్తే కమాన్‌పూర్ రూపమే మారిపోతుంది. పట్టికలను పేరుతో గాక కేంద్ర ప్రభుత్వపు స్థానిక సంస్థల సంకేత సంఖ్యలతో జతపరచుట ఇంకా మేలైన మార్గం.

ఇక్కడ ఒక నిర్మాణ నియమాన్ని నొక్కి చెప్పవలసి ఉన్నది. లెక్కించే సూత్రాన్ని ఎక్స్‌టెన్షన్ లోపల దాచరాదు. సూత్రం పైథాన్ లేదా ఆర్ ప్యాకేజీలో, పరీక్షలతో సహా, బహిరంగంగా ఉండవలెను; ఎక్స్‌టెన్షన్ దానిని పిలిచి ఫలితాన్ని చూపవలెను. ఎడిటర్ మారినా లెక్క మారకుండా ఉండుటకు ఇది అవసరం. ఆర్ వాడేవారికి ఆర్‌స్టూడియోలో యాడిన్ అనే సౌకర్యం కలదు. ప్యాకేజీలో ఒక చిన్న వివరణ ఫైలు చేర్చితే అందులోని ఫంక్షన్ ఎడిటర్ మెనూలో కనిపిస్తుంది. అదే ప్యాకేజీని రెండు చోట్లా వాడుకొనవచ్చును. క్యూజీఐఎస్ అనుభవం ఈ సందర్భంలో జ్ఞాపకం చేసుకొనదగినది. 2018 ఫిబ్రవరిలో దాని మూడవ తరం సంచిక పైథాన్ 3కు మారినప్పుడు పాత ప్లగిన్లను తిరిగి వ్రాయవలసి వచ్చినది. పట్టించుకొనే రచయిత లేని ప్లగిన్లు పాత సంచికతోనే ఆగిపోయినవి.

తయారైన ఎక్స్‌టెన్షన్‌ను వీఎస్‌సీఈ అనే సాధనం ఒకే ఫైలుగా కూర్చుతుంది. దానిని బహిరంగ విపణిలో ప్రకటించవలసిన పని లేదు. పెన్‌డ్రైవ్‌లో రామగిరిఖిల్లా కృషి విజ్ఞాన కేంద్రానికో, పొలాస పరిశోధనా స్థానానికో తీసుకొనిపోయి, ఇంటర్నెట్ లేకున్నా అమర్చవచ్చును. మైక్రోసాఫ్ట్ విపణి నియమాలు ఆ సంస్థ ఉత్పత్తులకే పరిమితం కనుక వీఎస్‌కోడియం వంటి స్వేచ్ఛా రూపాలు వాడేవారు ఎక్లిప్స్ ఫౌండేషన్ నిర్వహించే ఓపెన్ వీఎస్ఎక్స్ నుండి తీసుకొనవలెను.

ఇతరుల ఎక్స్‌టెన్షన్లను వాడుకొనే విషయంలో మన ప్రయోగశాలలలో చాలినంత జాగ్రత్త కనిపించదు. మొబైల్ ఫోనులో యాప్ వలె ఇది ముందుగా కెమెరాకో, ఫైళ్లకో అనుమతి కోరదు. ఎడిటర్‌కు ఎంత అధికారం ఉన్నదో అమర్చిన ఎక్స్‌టెన్షన్‌కూ అంతే అధికారం: ఫైళ్లు చదవగలదు, మార్చగలదు, బయటకు పంపగలదు. 2021లో వచ్చిన వర్క్‌స్పేస్ ట్రస్ట్ ఏర్పాటు తెలియని ఫోల్డర్ల నుండి రక్షణ ఇస్తుంది గాని, మనమే నమ్మి అమర్చిన హానికర ఎక్స్‌టెన్షన్‌ను ఆపజాలదు. మన కంప్యూటర్లలో ఉన్నవేమి? రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, పట్టాదారు పాసుపుస్తకం వివరాలు, కొన్నిచోట్ల ఆధార్ సంఖ్యలు. గని విస్తరణకు భూమి కోల్పోయే అవకాశమున్న గ్రామాలలో ఎవరి సర్వే నంబరులో ఏ పంట, ఏ నేల అనే సమాచారానికి నష్టపరిహారపు లెక్కలలో విలువ ఉన్నది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చిన తరువాత ఇది నైతిక బాధ్యత మాత్రమే కాదు. విశ్లేషణ ఫోల్డరులో నమూనా సంఖ్య మాత్రమే ఉంచి, రైతు వివరాల పట్టికను ఎడిటర్ తెరవని వేరొక కంప్యూటరులో భద్రపరచుట ఉత్తమం. ఎక్స్‌టెన్షన్ ప్రచురణకర్త ఎవరు, మూల ప్రోగ్రాము బహిరంగంగా ఉన్నదా, చివరిసారి ఎప్పుడు సవరించబడినది అని చూచుటకు ఐదు నిమిషాలు పడుతుంది.

నమ్మకమైన రచయిత చేతిలోనిదైనా ఆ చేతిలోనే ఉంటుందని చెప్పలేము. 2018లో జావాస్క్రిప్ట్ లోకంలో విరివిగా వాడబడే ఈవెంట్ స్ట్రీమ్ అనే ప్యాకేజీని దాని రచయిత, తనకు ఇక ఆసక్తి లేక, సహాయం చేస్తానని ముందుకు వచ్చిన అపరిచితునికి అప్పగించినాడు. క్రొత్త నిర్వాహకుడు అందులో బిట్‌కాయిన్ ఖాతాల నుండి సొమ్ము దొంగిలించే ప్రోగ్రామును చొప్పించినాడు. ఎక్స్‌టెన్షన్లు కూడా ఇటువంటి ప్యాకేజీలపైనే ఆధారపడి నిర్మించబడుతాయి.

మన విషయంలో అప్పగింత రెండేళ్లకొకసారి జరుగుతుంది. స్నాతకోత్తర విద్యార్థి పట్టా తీసుకొని వెళ్లిపోతాడు. ఎక్స్‌టెన్షన్ మాత్రం ప్రయోగశాల కంప్యూటరులో నడుస్తూనే ఉంటుంది. చేతితో అతికించిన 2.24 ఒక సిద్ధాంత గ్రంథంతో ఆగుతుంది. ఎక్స్‌టెన్షన్‌లో చేరిన పొరపాటు గుణకం తరువాతి విద్యార్థులందరి పట్టికలలోకి, వాటి నుండి నేల ఆరోగ్య పత్రాలలోకి పోతుంది. అందుచేత మూల ప్రోగ్రాము విద్యార్థి సొంత ఖాతాలో గాక విభాగపు ఖాతాలో ఉండవలెను. ప్రతి గుణకం ప్రక్కన అది ఏ లోతుకు, ఏ స్థూల సాంద్రతకు, ఎంత రాళ్ల శాతానికి వర్తిస్తుందో వ్రాయవలెను. ప్రయోగశాలలో చేతితో లెక్కించిన పది నమూనాల ఫలితాలను, అందులో కనీసం మూడు ఓబీ గుట్టపై తీసినవి ఉండేటట్లు, పరీక్ష ఫైలుగా జతచేయవలెను. సంచిక మారిన ప్రతిసారీ ఆ పది లెక్కలు సరిపోతేనే క్రొత్త ఫైలు ఇతర కేంద్రాలకు పంపవలెను.