నలభై దాటితే బుర్ర మందగిస్తుందా?

నలభై దాటాక తెలిసిన పేరు నాలుక చివర ఆగిపోయిందంటే వయసునే తిడతాం. ఆ నిందలో సగమే న్యాయం. అమెరికాలోని సియాటిల్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త వార్నర్ షాయీ 1956లో ఒక అధ్యయనం మొదలుపెట్టాడు. ఏడేళ్లకోసారి అవే మనుషులను మళ్లీ పరీక్షిస్తూ అది దశాబ్దాలపాటు సాగింది. మాటల అర్థం పట్టడం, అక్షరాల వరుస చూసి తర్వాతి అక్షరం ఊహించడం, బొమ్మను తిప్పితే ఎలా ఉంటుందో మనసులోనే చూసుకోవడం: సగటున ఇవన్నీ నడివయసులోనే శిఖరానికి చేరాయి. పాతికేళ్ల ప్రాయం నుంచే జారుతూ వచ్చింది చటుక్కున పోల్చి గుర్తుపట్టే వేగం. నలుగురిలో ఇబ్బంది పెట్టేది అదే కాబట్టి మనకు అదొక్కటే కనబడుతుంది.

మరి పాత పరీక్షల్లో తెలివి ముప్పై నుంచే తగ్గినట్టు ఎందుకు తేలింది? ఇరవై ఏళ్లవాణ్ణీ అరవై ఏళ్లవాణ్ణీ ఒకేరోజు పక్కపక్కన కూర్చోబెట్టి కొలిస్తే బయటపడేది వయసు తేడా ఒక్కటే కాదు, తరాల మధ్య చదువు తేడా కూడా. అయితే ఏళ్లతరబడి పరీక్షలకు వచ్చేవాళ్లు ఆరోగ్యవంతులే అయివుంటారుగా, పైగా ప్రశ్నలు అలవాటైపోవూ అని అడగవచ్చు. గట్టి ప్రశ్నే. అందుకే షాయీ ప్రతి విడతలో కొత్తవాళ్లనూ చేర్చుకుని సరిచూశాడు. ఇంకో అభ్యంతరానికి మాత్రం తలవంచాల్సిందే: వాళ్లంతా ఒక ఆరోగ్య పథకం సభ్యులు, ఎక్కువమంది మధ్యతరగతి. ఎండలో కూలి చేసే మనిషి శిఖరం ఎప్పుడొస్తుందో ఆ లెక్కలు చెప్పవు. కానీ నలభై దాటినవాళ్లకు కొత్త పని ఎక్కదని ఇంటర్వ్యూ గదిలో తేల్చేసేవాళ్లకు అవి చాలినంత జవాబే.