పాత మస్టాంగ్‌కి మాన్యువల్ గేర్‌బాక్స్: బోల్ట్ పట్టినంత మాత్రాన పని అయిపోదు

ఈరోజు ఎపిసోడ్‌లో, పాత కారు ఇంజిన్‌కి మాన్యువల్ గేర్‌బాక్స్ ఎలా ఎక్కిస్తారో చూద్దాం. ఉదాహరణకి 1965 ఫోర్డ్ మస్టాంగ్ తీసుకుందాం. 289 వీ8 ఇంజిన్, దాని వెనక సీ4 ఆటోమాటిక్. అమెరికాలో చాలామంది ఆ సీ4 దించేసి, 1980ల మస్టాంగ్‌లో వచ్చిన టీ5 అనే 5 స్పీడ్ గేర్‌బాక్స్ పెట్టుకుంటారు.

ఎందుకంటే సీ4కి ఉన్నవి మూడు గేర్లే, టాప్ గేర్ 1:1. టీ5లో అయిదో గేర్ 0.68. అంటే హైవే మీద 3000 ఆర్‌పీఎం తిరిగే ఇంజిన్, అదే స్పీడ్‌కి దాదాపు 2040 తిరిగితే చాలు. శబ్దం తగ్గుతుంది, ఇంజిన్‌కీ సుఖం.

సరే, రెండూ ఫోర్డ్‌వే కదా, బోల్టులు బిగిస్తే అయిపోతుంది అనుకుంటారు. అసలు కథ ఇక్కడే ఉంది ఫ్రెండ్స్.

మొదటిది ఫ్లైవీల్. ఆటోమాటిక్‌కి పల్చటి ఫ్లెక్స్‌ప్లేట్ ఉంటుంది. అది తీసి బరువైన ఫ్లైవీల్ పెట్టాలి, దాని మీద క్లచ్ కూర్చుంటుంది. అయితే ఈ ఇంజిన్‌లో క్రాంక్ బ్యాలెన్స్ మొత్తం లోపలే ఉండదు. కొంత ముందున్న డ్యాంపర్‌లో, కొంత వెనకున్న ఫ్లైవీల్‌లో ఉంటుంది. 289కి కావాల్సింది 28 ఔన్స్ ఫ్లైవీల్. 1980ల 5.0 ఇంజిన్‌ది 50 ఔన్స్. పాత సామాన్ల యార్డులో టీ5తో పాటు దాని ఫ్లైవీల్ కూడా చవగ్గా వస్తుంది. బోల్టులూ పడతాయి, బండీ స్టార్ట్ అవుతుంది. కానీ వైబ్రేషన్ మొదలై, బేరింగ్‌లు పోతాయి, క్రాంక్ విరిగినా ఆశ్చర్యం లేదు. అందుకే కొనే ముందే అడగండి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

ఇంకోటి, 1964 ఆగస్టుకి ముందు తయారైన 289 అయితే బెల్ హౌసింగ్ బోల్టులు 5, ఆ తర్వాతవాటికి 6. ముందు లెక్కపెట్టుకోండి.

రెండోది సెంటర్. గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ కొస, క్రాంక్ చివర ఉండే పైలట్ బేరింగ్‌లో తిరుగుతుంది. ఆటోమాటిక్ బండికి ఆ బేరింగ్ అవసరమే లేదు కాబట్టి మనం కొత్తది వేయాలి. తర్వాత బెల్ హౌసింగ్ బిగించి, క్రాంక్‌కి డయల్ గేజ్ పెట్టి ఒక రౌండ్ తిప్పి చూడాలి. మొత్తం తేడా 0.005 అంగుళం దాటకూడదు. అంటే మామూలు కాగితం మందం కంటే కాస్త ఎక్కువ, అంతే! దాటితే ఆఫ్‌సెట్ డోవెల్ పిన్నులు వేసి సరిచేస్తారు. ఈ చెకింగ్ వదిలేస్తే గేర్లు గట్టిగా పడతాయి, నడుస్తుండగా గేర్ ఊడి వస్తుంది, ఇన్‌పుట్ బేరింగ్ అరిగిపోతుంది. అప్పుడు అందరూ గేర్‌బాక్స్‌నే తిడతారు పాపం.

గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు చివర్లో కొంచెం గ్యాప్ మిగిలితే, బోల్టులతో లాగేద్దాం అనుకోవద్దు. క్లచ్ ప్లేట్ సెంటర్‌లో లేదనో, పైలట్ బేరింగ్ కుదరలేదనో అర్థం. దించి మళ్ళీ చూసుకోండి.

మిగతావి తొందరగా చెప్పేస్తా. క్లచ్ పెడల్ సెట్, దాని లింకేజీ కావాలి. స్టార్టర్ మోటార్ కూడా మాన్యువల్‌ది వేరు. కింద గేర్‌బాక్స్‌ని మోసే క్రాస్‌మెంబర్ మార్చాలి. మంచి విషయం ఏంటంటే, సీ4 యోక్‌కీ టీ5కీ పళ్ళు 28 ఒకటే, కాబట్టి చాలా బండ్లలో పాత డ్రైవ్ షాఫ్టే పనికొస్తుంది, పొడవు మాత్రం కొలవండి. 1985 తర్వాతి టీ5లో చిక్కటి గేర్ ఆయిల్ కాదు, ఆటోమాటిక్ ఫ్లూయిడ్ పోయాలి.

చివరిది వైరింగ్. ఆటోమాటిక్‌లో పార్క్, న్యూట్రల్ తప్ప వేరే గేర్‌లో బండి స్టార్ట్ కాదు. ఆ స్విచ్ ఇప్పుడు ఉండదు. రెండు వైర్లు కలిపేసి వదిలేస్తే, గేర్‌లో ఉండగా తాళం తిప్పినా బండి ముందుకి దూకుతుంది. ముందు మనిషి ఉంటే ఏంటి పరిస్థితి? అందుకే ఆ వైర్లని క్లచ్ పెడల్ స్విచ్‌కి కలపండి. క్లచ్ తొక్కితేనే స్టార్ట్ అవ్వాలి.

బోల్ట్ పట్టడం వేరు, కుదరడం వేరు. ఈ పనిలో రెంచ్ కంటే ముందు కొలత టూల్ పట్టుకోవాలి. మళ్ళీ కలుద్దాం.