వేషగాడు మోసగాడు కాదు

అక్టోబరు 31న, హాలోవీన్ సాయంత్రం, టెక్సాస్‌లోని ప్లేనో వీధుల్లో పిల్లలు రకరకాల వేషాలతో ఇల్లిల్లూ తిరిగి చాక్లెట్లు పోగుచేసుకుంటారు. గడపగడపకూ వెళ్ళి వేషం చూపించి సంభావన పుచ్చుకోవడం మన ఊళ్ళకూ కొత్త కాదు. అయినా మన వేషాల గురించి మనలోనే కొన్ని అపోహలు పాతుకుపోయాయి.

అపోహ: వీధినే వేదిక చేసుకుని, చూసేవాళ్ళనూ ఆటలోకి లాగే కళ పడమటివాళ్ళు కనిపెట్టింది.

వాస్తవం: 1916లో జూరిచ్‌లోని క్యాబరే వోల్టేర్‌లో డాడాయిస్టులు చేసిన హంగామా నుంచి 'పెర్ఫార్మెన్స్ ఆర్ట్' కథ చెప్పడం చాలామందికి అలవాటు. అంతకు చాలాముందే మన పగటివేషగాళ్ళకు ఇంటి అరుగే రంగస్థలం. పిట్టలదొరనే చూడండి: పాత ఖాకీ బట్టలు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. ఎదురైనవాడికల్లా లేని ఆస్తులు రాసిచ్చేస్తానని కోతలు కోస్తాడు. నవ్వేది జనం, నవ్వులపాలయ్యేది దొరతనం.

అపోహ: పగటివేషాలు ఒకరకం భిక్షాటన.

వాస్తవం: బృందం ఊళ్ళో కొన్నాళ్ళు మకాం వేసి రోజుకో వేషం కడుతుంది. సంభావనలు చివర్లోనే. సోమయాజులు, ఫకీరు, ఎరుకలసాని, పాములవాడు... ఎవరి యాస వారిది, ఎవరి నడక వారిది. అర్ధనారీశ్వర వేషంలో ఒకే మనిషి అటు తిరిగితే శివుడు, ఇటు తిరిగితే పార్వతి. గొంతు, చూపు, అడుగు అన్నీ ఆ క్షణంలోనే మారిపోవాలి. ఏళ్ళ సాధన లేనిదే అది పట్టుబడదు.

అపోహ: మంత్రి యుగంధరుడు ఢిల్లీలో పిచ్చివాడిగా తిరిగి కాకతీయ ప్రభువు ప్రతాపరుద్రుణ్ణి విడిపించుకొచ్చాడన్నది చరిత్ర.

వాస్తవం: ఆ కథను ఇంటింటికీ చేర్చింది వేదం వేంకటరాయశాస్త్రి 1897 నాటి నాటకం 'ప్రతాపరుద్రీయం'. చరిత్రలో 1323లో ఓరుగల్లు పడిపోయింది. బందీగా ఢిల్లీకి తరలిస్తుండగా ప్రతాపరుద్రుడు నర్మదా తీరంలో కన్నుమూశాడు.

అపోహ: వేషం వేసి ఏడిపించడం ఉత్త అల్లరి. దానివల్ల ఒరిగేదేమీ లేదు.

వాస్తవం: సిద్ధవటం సీమ పాలకుడు సమ్మెట గురవరాజు సొమ్ము కోసం ఆడవాళ్ళను హింసించడం కూచిపూడి భాగవతులు కళ్ళారా చూశారట. విజయనగరంలో వీరనరసింహరాయల ఎదుట ఆ ఘోరాన్నే కేళికగా ఆడి చూపించారు. రాయలు సైన్యాన్ని పంపి గురవరాజును శిక్షించాడని స్థానిక చరిత్ర అయిన మాచుపల్లి కైఫియత్తు చెబుతోంది. ఇంగ్లండ్‌లో 1910లో రచయిత్రి వర్జీనియా వుల్ఫ్, ఆమె మిత్రులు అబిసీనియా రాజకుటుంబంలా వేషాలు వేసుకుని డ్రెడ్‌నాట్ యుద్ధనౌక ఎక్కి బ్రిటిష్ నౌకాదళాన్ని బోల్తా కొట్టించారు. అయితే అందుకోసం ముఖాలకు నల్లరంగు పూసుకున్నారు. ఒక జాతి రూపాన్నే హాస్యవస్తువు చేయడం ఈనాడు మెచ్చుకునే పని కాదు.

అపోహ: ఆడవేషం మగవాడికి చిన్నతనం.

వాస్తవం: సత్యభామగా మెప్పించిన స్థానం నరసింహారావును 1956లో, వేదాంతం సత్యనారాయణశర్మను 1970లో పద్మశ్రీ వరించింది. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్ళు చీరకట్టి మొక్కు తీర్చుకోవడం నేటికీ ఉంది.

అపోహ: పోలీసు వేషం వేస్తే టెక్సాస్‌లో జైలే.

వాస్తవం: హాలోవీన్‌కు ఖాకీ తొడుక్కున్నంత మాత్రాన నేరం కాదు. అధికారం ఉన్నట్టు నటించి ఎదుటివాణ్ణి లొంగదీసుకోవాలని చూస్తే మాత్రం అది ఫెలనీ. శిక్ష రెండు నుంచి పదేళ్ళ వరకు ఉండొచ్చు.

కళకూ మోసానికీ గీత అక్కడే ఉంది. పగటివేషగాడు తన ఆట చివర చేయి చాచి 'నేను వేషగాణ్ణి' అని ఒప్పుకుంటాడు, మోసగాడు ఎప్పటికీ ఒప్పుకోడు. ఈసారి పిల్లలకు స్పైడర్‌మ్యాన్ డ్రెస్సు కొనేముందు పిట్టలదొర కథ కూడా ఒకసారి చెప్పండి. నచ్చితే వాళ్ళే ఆ వేషం అడుగుతారు.