ఈసీజీ తీసేటప్పుడు కదలొద్దంటారు, ఎందుకు?

గుండె కుడి పై గదిలో ఒక చిన్న కణాల గుంపు ఉంది. గుండె కొట్టుకునే ప్రతిసారీ ముందుగా అక్కడే విద్యుత్తు పుట్టి కండరమంతా పాకుతుంది. దాని జాడ చర్మం దాకా వస్తుంది, మహా అయితే కొన్ని మిల్లీవోల్టులు. ఈసీజీ యంత్రం దాన్నే కాగితం మీద గీస్తుంది.

చేతులకూ కాళ్లకూ కలిపి 4, ఛాతీకి 6 తీగలు తగిలిస్తారు. వాటిలోంచి ఒంట్లోకి కరెంటు రాదు, షాక్ కొడుతుందని భయం వద్దు. తీగలు తగిలించే చోట రాసే జెల్ చల్లగా తగులుతుంది, అంతే.

మరి కదిలితే? చేతి కండరాలూ విద్యుత్తు పుట్టిస్తాయి కదా! వణికినా, మాట్లాడినా గీత గజిబిజి అవుతుంది.

ఈ యంత్రానికి రూపమిచ్చిన ఐంతోవెన్ కాలంలో చేతులు, కాలు ఉప్పునీళ్లలో ముంచి కూర్చోవాల్సి వచ్చేది! ఆయనకు 1924లో నోబెల్ ఇచ్చారు.

గీత బాగుందన్నా సరే, ఇంట్లో ఎవరికైనా ఛాతీ నొప్పి మళ్లీ వస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లమని పట్టుబట్టండి.