సుగ్రాబేగముగారి పాఠశాల

భాగ్యనగరమున పత్తర్‌గట్టి రాతికమానుల క్రింద ముత్యములు బేరమాడు సోదరీమణులు మూసీనది దాఁటి హుమాయూన్‌నగరమునకుఁ గూడ నొకసారి పోవలెనని మా కోరిక. 1934లో శ్రీమతి సుగ్రా హుమాయూన్ మీర్జాగారు పేదబాలికలకై సఫ్దరియా పాఠశాలను స్థాపించిన దచటనే.

ఘోషా విడిచి సభలలో మాటాడిన ధీరురా లామె. ఉర్దూలో నవలలు వ్రాసిరి. స్త్రీలకై పత్రిక నడిపిరి. కాని పత్రిక చదువెఱిఁగిన యిండ్లకే చేరును గదా! అక్షరమెఱుఁగని పేదపిల్ల గతి యేమి? ఆ ప్రశ్నకు పాఠశాలయే యుత్తరము.

దిక్కులేని పిల్లకు పూఁటయన్నము పెట్టుట పుణ్యమే. మఱునాఁడు మరల నాఁకలి యగును. నేర్చిన విద్య యట్లు తఱుగదు. సుగ్రాబేగముగారు 1958లో గతించిరి. ఆమె పెట్టిన బడి నిలిచినది. మన వీథిలోని యొక్క యనాథబాలిక పుస్తకముల వ్యయమైన మనము భరింపలేమా?