డాష్‌బోర్డు పగిలితే ఇంట్లోనే మార్చుకోవచ్చా?

సింగపూర్ ఉత్తరపు కొసన, జోహోర్ జలసంధి దగ్గర ఉంది క్రాంజీ. భూమధ్యరేఖకు ఒకటిన్నర డిగ్రీల లోపే. ఏ నెలలోనైనా పగటి ఎండ 31, 32 డిగ్రీలు. గాలిలో తేమ సగటున 80 శాతం పైమాటే. పక్కనే సుంగై కడుత్ పారిశ్రామికవాడ, జలాన్ లామ్ హ్వాట్‌లో కార్ల వ్యాపారం కోసం కట్టిన కారోస్ సెంటర్. 1990లో మొదలైన కోటా పద్ధతి వల్ల సింగపూర్‌లో కారు తిప్పుకొనే హక్కు పదేళ్లే. రుసుము కట్టి మరో ఐదేళ్లో పదేళ్లో పొడిగించుకున్నవారికి ముందుగా కనిపించే ముసలితనపు గుర్తుల్లో డాష్‌బోర్డు పగులు ఒకటి.

అద్దంలోంచి లోపలికొచ్చిన ఎండను నల్లటి డాష్‌బోర్డు పీల్చుకుంటుంది. వేడెక్కిన గాలికి బయటికి దారి ఉండదు. అమెరికాలోని అరిజోనాలో ఎండలో గంటసేపు నిలిపిన కార్లను పరిశోధకులు కొలిచారు. 2018లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం సీటు సగటున 51 డిగ్రీలకు చేరితే, డాష్‌బోర్డు 69 డిగ్రీలకు చేరింది. కారు లోపల ఎక్కువగా కాలేది అదే.

చాలా కార్లలో డాష్‌బోర్డుకు మూడు పొరలుంటాయి: అడుగున గట్టి ప్లాస్టిక్ చట్రం, మధ్యన పాలీయురేథేన్ నురుగు, పైన మెత్తటి తొడుగు. ఆ తొడుగు తరచుగా పీవీసీతో చేసినది. పీవీసీ స్వభావం గట్టిదనం. ప్లాస్టిసైజర్లనే నూనెలాంటి రసాయనాలు కలిపి దాన్ని మెత్తబరుస్తారు. ఏళ్ల తరబడి వేడికి ఇవి కొద్దికొద్దిగా ఆవిరైపోతాయి. ముందు అద్దం లోపలివైపు పట్టే జిడ్డుపొరలో ఇవీ ఉంటాయి. ఇవి తగ్గేకొద్దీ తొడుగు కుంచించుకుపోయి, నీరింకిన చెరువు నెర్రెలిచ్చినట్టు బీటలు వారుతుంది. ముందు అద్దం రెండు పొరల మధ్య ప్లాస్టిక్ పల్చటి పొర ఉండి అతినీలలోహిత కిరణాల్ని చాలావరకు ఆపేస్తుంది కనుక, ఇక్కడ అసలు దోషి వేడే.

తేమ చేసే హాని వేరు. కొన్ని రకాల పాలీయురేథేన్‌లో నీటి అణువులు పొడవాటి గొలుసుల్ని తెంచేస్తాయి. పైపొర జిగురుగా మారుతుంది. అమెరికాలో ఇలా జిగురెక్కి కరిగినట్టయిన డాష్‌బోర్డుల కోసం టయోటా కొన్ని మోడళ్లకు వారంటీని పొడిగించాల్సి వచ్చింది.

ఇక మార్చడం. ఏసీ వెంట్ల చట్రాలు, గ్లవ్ బాక్సు, పక్కల ట్రిమ్ముల వంటివి ప్లాస్టిక్ పట్టీతో క్లిప్పులూడదీసి ఇంట్లో మార్చుకోవచ్చు. మొత్తం డాష్‌బోర్డు తీయాలంటే మీటర్ల ప్యానెల్, స్టీరియో, ఏసీ స్విచ్‌లు, చాలా కార్లలో స్టీరింగ్ కాలమ్ కూడా కదపాలి. సింగపూర్ కార్లలో రోడ్డు టోలు వసూలు చేసే ఓబీయూ పరికరం తీగలూ అక్కడే ఉంటాయి. విప్పేటప్పుడు ప్రతి సాకెట్‌నూ ఫోటో తీసుకోవాలి. స్క్రూలను ఏ భాగానివి ఆ భాగానికి వేరుగా పెట్టుకోవాలి.

అసలు ప్రమాదం ప్రయాణికుడి వైపు ఉంది. అక్కడ తొడుగు కింద ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. గుద్దుకున్నప్పుడు రెప్పపాటు కన్నా తక్కువ సమయంలో అది తెరుచుకోవడానికి తొడుగు వెనుక బలహీనమైన గీత గీసి ఉంచుతారు. ఆ గీత మీద జిగురుతో కొత్త తోలు అతికిస్తే బ్యాగు సరిగా తెరుచుకోకపోవచ్చు. బ్యాటరీ తీసేసినా ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థలోని కెపాసిటర్‌లో విద్యుత్తు కాసేపు నిలుస్తుంది. అందుకే టయోటా మాన్యువళ్లు కనీసం 90 సెకన్లు ఆగమంటాయి. ఎయిర్‌బ్యాగ్ తీగల సాకెట్లు సాధారణంగా పసుపు రంగులో ఉంటాయి. వాటిని మల్టీమీటర్‌తో పరీక్షించకూడదు. ఆ కొద్ది కరెంటే బ్యాగును పేల్చవచ్చు.

తుక్కు కారు నుంచి డాష్‌బోర్డు కొనేవారు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల్లో వాడిన అమ్మోనియం నైట్రేట్, ఏళ్లపాటు వేడికీ తేమకూ గురై, పేలినప్పుడు లోహపు ముక్కల్ని విసిరి ప్రాణాలు తీసింది. ప్రపంచమంతటా కోట్ల భాగాలు వెనక్కి పిలిపించాక ఆ కంపెనీ 2017 జూన్‌లో దివాలా తీసింది. కాబట్టి పాత ప్లాస్టిక్ కొనవచ్చు కానీ పాత ఎయిర్‌బ్యాగ్ కొనకూడదు.

పగులు చిన్నదైతే ఎయిర్‌బ్యాగ్ భాగాన్ని కప్పని మ్యాట్ చాలు. నీడలో నిలపడం, అద్దానికి సన్‌షేడ్ పెట్టడం అన్నిటికన్నా చవకైన వైద్యం. మొత్తం డాష్‌బోర్డే మార్చాల్సి వస్తే, ఎయిర్‌బ్యాగులు తెలిసిన మెకానిక్‌కే అప్పగించండి.