మాఫీ వచ్చినా మాయని మచ్చ

2025 జూన్ మొదట్లో ఒక పొద్దున వికారాబాద్ వైపు నుంచి వచ్చే బండిలో నాంపల్లి స్టేషన్‌లో దిగాం. నా వెంట ఉన్నది తాండూరు దగ్గరి చిన్న రైతు. రెండెకరాల పట్టా, మూడెకరాల కౌలు, అంతా కంది చేనే. మిగతా రోజుల్లో ఆలుమగలిద్దరూ కూలికి పోతారు. రెండు బర్రెలు కొనుక్కోవడానికి బ్యాంకును అప్పడిగితే ఊరి బ్రాంచిలో లేదు పొమ్మన్నారు. ఎందుకు లేదంటే పై ఆఫీసులో అడుక్కోమన్నారు. పై ఆఫీసు అబిడ్స్‌లో. ఆటో ఎందుకన్నా, ఆ పైసలు దాణాకొస్తయి అన్నాడు. నడిచే పోయాం.

అక్కడి గుమాస్తా కంప్యూటరులో చూసి, "నీ స్కోరు 540. అప్పు రాదు" అన్నాడు.

"స్కోరేంది సారూ? నేనేమన్న పరీక్ష రాసిన్నా?"

గుమాస్తా నవ్వి వెనకున్న మనిషిని పిలిచాడు. ఆ ప్రశ్నకు బ్యాంకు జవాబు చెప్పలేదు గనక ఇక్కడ రాస్తున్నాను. ఇది ఆయన ఒక్కడి ప్రశ్న కాదు.

మార్కులు వేసేది ఎవరు?

మన దేశంలో అప్పుల చిట్టా రాసే కంపెనీలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. అన్నిటికంటే ముందు, 2000లో సిబిల్ పుట్టింది. 2005లో పార్లమెంటు వీటికి చట్టం చేసింది. ఇప్పుడు సిబిల్ అమెరికా కంపెనీ ట్రాన్స్‌యూనియన్ చేతిలో ఉంది. బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు, మైక్రోఫైనాన్సువాళ్లు మన ఖాతాల లెక్క వీళ్లకు పంపుతారు. ఎంత తీసుకున్నాం, ఎన్ని రోజులు ఆలస్యం చేశాం, ఎన్నిచోట్ల అప్పుకు తిరిగాం, ఇవన్నీ కలిపి 300 నుంచి 900 లోపు ఒక అంకె వేస్తారు. 750 దాటితే కుర్చీ వేస్తారు, 600 లోపయితే గుమ్మంలోనే ఆపుతారు. ఇంకొకరికి జామీను సంతకం పెట్టినా ఆ అప్పు మన చిట్టాలోకీ ఎక్కుతుంది.

చిట్టాలో లేనిదేమిటో చూడండి. ఏటా తప్పకుండా కట్టే కౌలు అందులో లేదు. షావుకారుకు వడ్డీతో సహా తీర్చిన అప్పు లేదు. వాన ఎగ్గొట్టిందా, పంటకు ధర పడిపోయిందా, ఇంట్లో జబ్బు చేసిందా, రాయడానికి గడి లేదు. ఆలస్యమైన రోజుల లెక్క మాత్రం ఉంది. పేదవాడి నిజాయితీకి ఖాతా లేదు, కష్టానికి మాత్రం ఖాతా తెరిచారు.

ఆలస్యం ఎవరిది?

తిరుగుదారిలో నాంపల్లిలో చాయ్ తాగుతూ, తెలిసిన కుర్రాడి ఫోనులో ఆయన చిట్టా తీయించాం. అందులో 60 వేల పంట అప్పు, ఇంకా బాకీ ఉన్నట్టే ఉంది. ఆ అప్పు సంగతి ఇదీ. 2018 ఎన్నికల్లో లక్ష దాకా మాఫీ అన్నారు. 2020లో 25 వేల లోపువాళ్లకు ఇచ్చారు. మిగతావాళ్లకు 2021 అని, 2023 అని సాగదీశారు. ఈయన వంతు 2023 ఆగస్టులో వచ్చింది, బాకీ లేదని బ్యాంకు కాగితం కూడా ఇచ్చింది. కాని చిట్టాలో మార్చమని కంపెనీకి రాయలేదు. మాట ఇచ్చింది సర్కారు, ఆలస్యం చేసింది సర్కారు, దిద్దడం మరిచింది బ్యాంకు. మచ్చ మాత్రం రైతు మీద.

పెద్దవాళ్ల సంగతి వేరు. 2014-15 నుంచి 2023-24 దాకా పదేళ్లలో బ్యాంకులు 16.35 లక్షల కోట్ల రూపాయల మొండిబాకీలను పద్దుల్లోంచి కొట్టేశాయని కేంద్రమే పార్లమెంటులో చెప్పింది. అది మాఫీ కాదు, వసూలు ఆగదు అంటుంది. మంచిదే. మరి మాఫీ అయిన 60 వేలకు ఈ శిక్ష ఏమిటి?

మన చేతిలో ఉన్నది

ఏడాదికొకసారి ఒక్కో కంపెనీ చిట్టాను ఉచితంగా ఇవ్వాలి. 2017 నుంచి ఇది రిజర్వు బ్యాంకు నిబంధన. తప్పు ఉంటే బ్యాంకుకూ కంపెనీకీ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, రసీదు దాచుకోండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. అప్పటికీ పలక్కపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు, ఖర్చు లేదు. వివరాలకు 14448కి ఫోను చెయ్యవచ్చు. ఇంత స్కోరు ఉంటేనే అప్పివ్వాలన్న నిబంధన రిజర్వు బ్యాంకు పెట్టలేదని, మొదటిసారి అప్పడిగేవాళ్లను పాత చిట్టా లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపకూడదని కేంద్రం 2025 వానాకాల సమావేశాల్లో పార్లమెంటుకు చెప్పింది. 2025 జనవరి నుంచి పంటకూ పాడికీ 2 లక్షల దాకా తాకట్టు అడగకూడదు. తాకట్టు వద్దని చెప్పి స్కోరు అడ్డం పెడితే, పాత గొళ్లెం తీసి కొత్త తాళం వేసినట్టే.

మేం ఆ రోజే ఫిర్యాదు రాసి అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో రిజిస్టరు చేశాం. ఆరు వారాలకు బాకీ సున్నా అని దిద్దారు. ఆలస్యమైన 12 రోజులకు 1,200 అడిగాం, ఇంకా రాలేదు. పాత ఆలస్యాల గీతలు అలాగే ఉన్నాయి, స్కోరు కొంచెమే లేచింది. కార్తె ఆగదు కదా. ఆయన నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి 50 వేలు తెచ్చి ఒక బర్రె కొన్నాడు. ఏడాదికి వడ్డీ 18 వేలు. బ్యాంకు నూటికి ఏడాదికి 12 వేసుకున్నా 6 వేలే అయ్యేది. మిగతా 12 వేలు ఆ మూడంకెల ఖరీదు.

ఒక్కొక్కరం అర్జీ పెడితే ఒక్కొక్క తప్పు దిద్దుతారు. సర్కారు ఆలస్యం రైతు చిట్టాకెక్కగూడదన్న నియమం రావాలంటే ఒక్కొక్కరం చాలం. మీ ఊళ్లో మాఫీ కాగితం ఉండీ అప్పు రానివాళ్లెందరో ముందు లెక్క తీయండి. కాగితాలు పట్టుకుని అందరం కలిసి అబిడ్స్‌కు పోదాం. ఈసారి గుమాస్తా తర్వాతి మనిషిని పిలిస్తే, ఆ తర్వాతి మనిషీ మనవాడే అయివుండాలి.